పోకెమాన్ డబుల్స్‌లో వెదర్ టీమ్ కట్టడం ఎలా: సెట్టర్ నుంచి ఆరో స్థానం దాకా

వాన, ఎండ లాంటి వాతావరణాన్ని (వెదర్) రప్పించి దాని మీద ఆడే టీమే వెదర్ టీమ్. వాన టీమ్‌నే తీసుకుంటే, ఎక్కువగా ఓడిపోయేది వాన పడని టర్న్‌లలో. వాన ఉన్నంతసేపు ఎవరి టీమ్ అయినా బాగానే ఆడుతుంది. సెట్టర్ (వెదర్‌ను తెచ్చే పోకెమాన్) పడిపోయాకో, ఎదుటివాళ్లు ఇసుక తుఫాను తెచ్చాకో మిగిలినవాళ్లలో ఎక్కువమంది చేతులు ముడుచుకుని నిలబడితే ఆట అక్కడితో అయిపోతుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఆరుగురిలో వెదర్ మీద ఆధారపడేవాళ్లు ముగ్గురికి మించకూడదు, మిగతా ముగ్గురు ఏ వెదర్‌లోనైనా పని చేయాలి.

ఇక్కడి లెక్కలు స్కార్లెట్, వయొలెట్ గేమ్‌లకు, లెవెల్ 50 డబుల్స్‌కు సంబంధించినవి. అంటే ఆరుగురిని చూపించి నలుగురిని ఆడించే పద్ధతి. ఆరుగురూ ఆడే సింగిల్స్‌లో ఏం మారుతుందో 9వ భాగంలో ఉంది.

## 1. మొదలుపెట్టే ముందు

ఇవి చేతిలో లేకుండా టీమ్ మొదలుపెట్టకండి:

- మీరు ఆడబోయే ఫార్మాట్‌లో ఏ పోకెమాన్‌కు అనుమతి ఉందో తెలిపే జాబితా. రెగ్యులేషన్ మారిన ప్రతిసారీ ఇది మారుతుంది. కొన్ని సింగిల్స్ టియర్లలో వెదర్ ఎబిలిటీలు (పోకెమాన్‌కుండే ప్రత్యేక గుణాలు), వెదర్ రాళ్లు (వెదర్‌ను ఎక్కువసేపు నిలిపే ఐటెమ్‌లు) కూడా నిషేధంలో ఉంటాయి.
- ఒకే ఐటెమ్ ఇద్దరికి ఇవ్వొచ్చా లేదా అన్నది. అధికారిక డబుల్స్‌లో ఇవ్వకూడదు.
- ఒక డ్యామేజ్ కాలిక్యులేటర్. అందులో వెదర్ బటన్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి లెక్క చూడటం అలవాటు చేసుకోవాలి.
- ఆ ఫార్మాట్‌లో ఎక్కువగా కనిపించే పది, పన్నెండు పోకెమాన్‌ల బేస్ స్పీడ్‌లు రాసుకున్న కాగితం. 4వ భాగంలో దీనితోనే పని.

## 2. ఏ వెదర్ తీసుకోవాలి

వాన. నీటి మూవ్‌లకు 1.5 రెట్ల బలం, నిప్పు మూవ్‌లకు సగం. థండర్, హరికేన్ గురి తప్పవు. ఎలెక్ట్రో షాట్ ఛార్జింగ్ లేకుండా అదే టర్న్‌లో పేలుతుంది. స్విఫ్ట్ స్విమ్ ఎబిలిటీ ఉన్నవాళ్ల స్పీడ్ రెట్టింపు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వానే మంచిది, ఎందుకంటే దాడికీ రక్షణకూ ఒకేసారి పనికొస్తుంది.

ఎండ. నిప్పుకు 1.5 రెట్లు, నీటికి సగం. సోలార్ బీమ్ ఆగకుండా వెళ్తుంది, క్లోరోఫిల్ స్పీడ్ రెట్టింపు చేస్తుంది. ప్రొటోసింథసిస్ ఎబిలిటీ ఉన్నవాళ్లకు బూస్టర్ ఎనర్జీ అనే ఐటెమ్ లేకపోయినా అత్యధికంగా ఉన్న స్టాట్ 1.3 రెట్లు అవుతుంది. ఆ స్టాట్ స్పీడ్ అయితే 1.5 రెట్లు. ఒక చిక్కుంది: ఇదే ఎబిలిటీ ఉన్న ఎదుటివాళ్ల ఫ్లటర్ మేన్ కూడా మీ ఎండలోనే బలపడుతుంది.

ఇసుక తుఫాను. ఏ టైప్ దాడికీ నేరుగా బలం పెరగదు. రాయి, నేల, ఉక్కు టైప్‌లు కానివాళ్లందరికీ ప్రతి టర్న్ చివర 1/16 వంతు హెచ్‌పీ పోతుంది. రాయి టైప్‌లకు స్పెషల్ డిఫెన్స్ 1.5 రెట్లు. శాండ్ రష్ స్పీడ్ రెట్టింపు చేస్తుంది.

మంచు. తొమ్మిదో తరంలో మంచు ఎవరినీ గాయపరచదు. మంచు టైప్‌లకు డిఫెన్స్ 1.5 రెట్లు, బ్లిజర్డ్ గురి తప్పదు. దీన్ని తీసుకోవడానికి అసలు కారణం అరోరా వెయిల్, మన మీద పడే దెబ్బలను తగ్గించే తెర. అది వేసే క్షణంలో మంచు కురుస్తుంటే చాలు, తర్వాత మంచు ఆగినా తెర నిలుస్తుంది. అందుకే అలోలా నైన్‌టేల్స్‌కు ఐసీ రాక్ కన్నా లైట్ క్లే మేలు. తెర 5 టర్న్‌ల బదులు 8 ఉంటుంది.

రెండు వెదర్‌లు ఒకే టీమ్‌లో కలపొద్దు. ఒకటి వస్తే రెండోది పోతుంది. నలుగురినే ఆడించే ఆటలో ఇద్దరు సెట్టర్లు ఒకరి పని ఒకరు చెరిపేస్తారు.

## 3. సెట్టర్, టర్న్‌ల లెక్క

ఎబిలిటీతో వచ్చిన వెదర్ 5 టర్న్‌లు ఉంటుంది. సరైన రాయి పట్టుకుంటే 8. వానకు డ్యాంప్ రాక్, ఎండకు హీట్ రాక్, ఇసుకకు స్మూత్ రాక్, మంచుకు ఐసీ రాక్.

ఈ 5 ఎప్పటి నుంచి మొదలవుతుందో చాలామంది పట్టించుకోరు.

- సెట్టర్‌ను లీడ్‌గా (ఆట మొదట్లోనే) దింపితే 1 నుంచి 5 దాకా ఐదు టర్న్‌లూ పూర్తిగా మీవే.
- టర్న్ మధ్యలో స్విచ్ చేసి దింపితే ఆ టర్న్ కూడా లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత మిగిలేవి నాలుగే.
- ఒకరు పడిపోయి, టర్న్ ముగిశాక సెట్టర్ వస్తే లెక్క తర్వాతి టర్న్ నుంచే మొదలవుతుంది. ఐదూ దక్కుతాయి.

అంటే మనవాళ్లలో ఒకరు ఎలాగూ పడిపోయేలా ఉంటే, ముందే స్విచ్ చేయకుండా ఆగి, ఆ ఖాళీలో సెట్టర్‌ను దింపడం ఒక టర్న్ లాభం. సెట్టర్ దెబ్బ తినకుండా వస్తాడు కూడా.

ఇంకొకటి: వాన పడుతుండగా డ్రిజిల్ (వాన తెచ్చే ఎబిలిటీ) ఉన్న పోకెమాన్ మళ్లీ వచ్చినా లెక్క మొదటికి రాదు. వాన ఆగాకే, లేదా వేరే వెదర్ వచ్చాకే కొత్త వాన మొదలవుతుంది. కాబట్టి రెండు టర్న్‌లు మిగిలి ఉండగా డ్రిజిల్ ఉన్న పెలిపర్‌ను తొందరపడి దింపితే ఆ స్విచ్ దండగ.

డబుల్స్ ఆటలు త్వరగా ముగుస్తాయి కాబట్టి ఐదు టర్న్‌లు తరచూ సరిపోతాయి. రాయి స్థానంలో సెట్టర్‌కు ఫోకస్ సాష్ (నిండు హెచ్‌పీ ఉంటే ఒక్క దెబ్బకు పడిపోకుండా కాపాడే ఐటెమ్) ఇవ్వడం మంచి ఎంపిక. సెట్టర్ రెండోసారి రావడానికి బతికి ఉండటం, మూడు అదనపు టర్న్‌ల కన్నా విలువైనది.

## 4. వెదర్ వాడుకునేవాళ్లు, స్పీడ్ లెక్క

సెట్టర్ కాక ఇద్దరు. ఒకరు స్పీడ్ కోసం, ఒకరు బలం కోసం ఉంటే బాగుంటుంది. ఇద్దరూ స్విఫ్ట్ స్విమ్‌వాళ్లే అయితే ఎదుటివాళ్ల ట్రిక్ రూమ్ (నెమ్మదిగా ఉన్నవాళ్లను ముందు కదిలించే మూవ్) ఒక్కటి ఇద్దరినీ ఒకేసారి పనికిరాకుండా చేస్తుంది.

లెవెల్ 50లో స్పీడ్ లెక్క నోటితో చేసేయొచ్చు. ఈవీలు అంటే శిక్షణతో మనం పంచే పాయింట్లు, ఐవీ అంటే పుట్టుకతో వచ్చేది. ఐవీ 31 ఉంటే:

- ఈవీలు లేకపోతే: బేస్ + 20
- 252 ఈవీలు పెడితే: బేస్ + 52
- స్పీడ్ పెంచే నేచర్ (టిమిడ్, జాలీ; అడమెంట్ అయితే అటాక్ పెంచుతుంది) అయితే ఆ మొత్తాన్ని 1.1తో గుణించి దశాంశం వదిలేయాలి
- స్విఫ్ట్ స్విమ్, క్లోరోఫిల్, శాండ్ రష్ అయితే చివరన 2తో గుణించాలి

ఈవీలు మొదటి 4కు ఒక పాయింట్, ఆ తర్వాత ప్రతి 8కి ఒక పాయింట్ ఇస్తాయి. అంటే 4, 12, 20, 28, 36 ఇలా పెంచాలి. మధ్యలో ఆపితే వృథా.

ఇప్పుడు స్విఫ్ట్ స్విమ్ ఉన్న బాస్క్యులీజియన్‌ను తీసుకుందాం. బేస్ స్పీడ్ 78. ఈవీలు లేకుండా 98, వానలో 196. దాటాల్సినవాళ్లను కాగితం మీద రాద్దాం.

టిమిడ్ ఫ్లటర్ మేన్, బేస్ 135, పూర్తి ఈవీలతో 205. దాన్ని దాటాలంటే వానలో 206 కావాలి, అంటే వాన లేకుండా 103. 98 నుంచి 5 పాయింట్లు పెంచాలి: 36 ఈవీలు.

పూర్తి స్పీడ్ డ్రాగపల్ట్, బేస్ 142, 213 దాకా వెళ్తుంది. దాటాలంటే వానలో 214, విడిగా 107. 9 పాయింట్లు: 68 ఈవీలు.

చూశారుగా, 252 ఈవీలు స్పీడ్‌లో పోసేయాల్సిన అవసరం లేదు. అడమెంట్ నేచర్‌తో 68 స్పీడ్, 252 అటాక్, మిగిలిన 188 హెచ్‌పీలో పెడితే అది రెండు దెబ్బలు తట్టుకునే పోకెమాన్ అవుతుంది. వెదర్ టీమ్‌ల్లో ఎక్కువమంది పోగొట్టుకునే లాభం ఇదే.

దాటలేనివీ ఉన్నాయి, అవి కూడా రాసుకోవాలి. టిమిడ్ రెజిఎలెకి 277. అడమెంట్ బాస్క్యులీజియన్ పూర్తి ఈవీలతో కూడా వానలో 260 దగ్గర ఆగుతుంది. జాలీ నేచర్‌తో 286 వస్తుంది. బూస్టర్ ఎనర్జీతో స్పీడ్ పెంచుకున్న టిమిడ్ ఫ్లటర్ మేన్ 307. దీన్ని జాలీ కూడా దాటదు. అలాంటివాళ్ల కోసం ప్రయారిటీ మూవ్ (స్పీడ్‌తో పని లేకుండా ముందు వెళ్లేది) ఉండాలి, స్పీడ్ కోసం ఇంకా ఈవీలు ఖర్చు పెట్టకూడదు.

ఇసుక టీమ్‌కు ఇదే లెక్క వేస్తే ఒక చక్కటి ఫలితం వస్తుంది. జాలీ ఎక్స్‌కడ్రిల్ పూర్తి ఈవీలతో 154, ఇసుకలో 308. ఆ 307 ఫ్లటర్ మేన్ కన్నా సరిగ్గా ఒక్క పాయింట్ ఎక్కువ. ఇక్కడ మాత్రం 252లో ఒక్క ఈవీ కూడా తగ్గించకూడదు, అడమెంట్ వైపు వెళ్లకూడదు.

ఎనిమిదో తరం నుంచి స్పీడ్ మార్పు ఆ టర్న్‌లోనే అమల్లోకి వస్తుంది. అంటే పెలిపర్ స్విచ్‌తో వచ్చిన టర్న్‌లోనే పక్కనున్న బాస్క్యులీజియన్ రెట్టింపు స్పీడ్‌తో కదులుతుంది. ప్రాంక్‌స్టర్ ఉన్న టోర్నడస్ రెయిన్ డ్యాన్స్ వేసినా అంతే.

## 5. మిగతా మూడు స్థానాలు

ఇక్కడ వెదర్‌ను మరచిపోయి ఆలోచించాలి. మొదటి ముగ్గురి బలహీనతలు కాగితం మీద రాసి, వాటికి సమాధానాలు వెతకాలి.

వాన టీమ్ మొదటి ముగ్గురు పెలిపర్, ఆర్కలుడాన్, బాస్క్యులీజియన్ అనుకుందాం.

- పెలిపర్‌కు విద్యుత్ నాలుగు రెట్లు, రాయి రెండు రెట్లు.
- ఆర్కలుడాన్‌కు నేల, పోరాట టైప్‌లు.
- బాస్క్యులీజియన్‌కు విద్యుత్, గడ్డి, భూతం, చీకటి.

వీటిని చూస్తే గడ్డి టైప్ ఒకటి తప్పనిసరి అని తేలుతుంది. విద్యుత్‌ను తట్టుకోవాలి, మన వానను వాడుకునే ఎదుటి నీటి టైప్‌లను కొట్టాలి. గడ్డి టైప్‌ల సహజ బలహీనత నిప్పు, అది వానలో సగమవుతుంది కాబట్టి ఇక్కడ గడ్డికి అదనపు భద్రత ఉంది.

రిల్లబూమ్ ఆ పని చేస్తుంది. దాని గ్రాసీ టెరైన్ భూమ్మీద ఉన్నవాళ్లకు తగిలే ఎర్త్‌క్వేక్ బలాన్ని సగం చేస్తుంది, అది ఆర్కలుడాన్‌కు ఊరట. గ్రాసీ గ్లైడ్ ప్రయారిటీతో వెళ్తుంది కాబట్టి స్పీడ్‌లో దాటలేనివాళ్లకు సమాధానం అదే.

రెండో స్థానం ఇన్సినరోర్‌ది. ఎదుటివాళ్ల అటాక్ తగ్గించే ఇంటిమిడేట్, ఒకరిని ఆ టర్న్ కదలనివ్వని ఫేక్ అవుట్, అన్నింటికన్నా పార్టింగ్ షాట్ (ఎదుటివాళ్ల దాడి బలం తగ్గించి వెనక్కి వెళ్లే మూవ్). ఇన్సినరోర్ నెమ్మది, బేస్ స్పీడ్ 60. ఎదుటివాళ్లు కొట్టాక అది పార్టింగ్ షాట్‌తో వెళ్లిపోతుంది, పెలిపర్ దెబ్బ తినకుండా లోపలికి వస్తుంది. భూతం, చీకటి దాడులను తట్టుకుంటుంది కూడా. దాని ఫ్లేర్ బ్లిట్జ్ వానలో సగం అవుతుంది, కాబట్టి ప్రధాన దాడిగా నాక్ ఆఫ్ పెట్టుకోవాలి.

మూడోది అమూంగస్. పోరాట టైప్‌ను తట్టుకుంటుంది. రేజ్ పౌడర్‌తో దెబ్బలు తన వైపు లాక్కుంటుంది. బేస్ స్పీడ్ 30 కాబట్టి ఎదుటివాళ్లు ట్రిక్ రూమ్ వేస్తే నిద్రపుచ్చే స్పోర్‌తో ముందు కదిలేది చాలాసార్లు అదే.

## 6. పూర్తి టీమ్, కాగితం మీద

పెలిపర్. ఎబిలిటీ డ్రిజిల్, ఫోకస్ సాష్. వెదర్ బాల్, హరికేన్, టెయిల్‌విండ్, ప్రొటెక్ట్. వెదర్ బాల్ బలం మామూలుగా 50. వానలో 100 అయి, నీటి టైప్‌గా మారి, పైన వాన పెంపు కూడా పొందుతుంది. మనవాళ్ల స్పీడ్ రెట్టింపు చేసే టెయిల్‌విండ్ ఎందుకంటే, వాన పోయినా అది పోదు. వేసిన టర్న్‌తో కలిపి నాలుగు టర్న్‌ల స్పీడ్ మిగులుతుంది.

ఆర్కలుడాన్. స్టామినా, అసాల్ట్ వెస్ట్. ఎలెక్ట్రో షాట్, డ్రాకో మెటియర్, ఫ్లాష్ కానన్, బాడీ ప్రెస్. దాని స్పెషల్ డిఫెన్స్ బేస్ 65 మాత్రమే, ఆ లోటు వెస్ట్ పూడుస్తుంది. డిఫెన్స్ వైపు బేస్ 130, పైగా దెబ్బ తగిలిన ప్రతిసారీ స్టామినా పెంచుతుంది, ఆ డిఫెన్స్‌తోనే బాడీ ప్రెస్ కొడుతుంది. వెస్ట్ ఉన్నంతకాలం ప్రొటెక్ట్ ఎంచుకోవడం కుదరదని గుర్తుంచుకోండి.

బాస్క్యులీజియన్, మగది. స్విఫ్ట్ స్విమ్, మిస్టిక్ వాటర్. వేవ్ క్రాష్, ఆక్వా జెట్, లాస్ట్ రెస్పెక్ట్స్, ప్రొటెక్ట్. మగదాని అటాక్ బేస్ 112, ఆడదానిది 92. భౌతిక దాడులకు మగదే కావాలి. వేవ్ క్రాష్ ఇచ్చిన డ్యామేజ్‌లో మూడో వంతు తనకే తగులుతుంది కాబట్టి లైఫ్ ఆర్బ్ ఇవ్వొద్దు.

రిల్లబూమ్. గ్రాసీ సర్జ్, మిరకిల్ సీడ్. ఫేక్ అవుట్, గ్రాసీ గ్లైడ్, వుడ్ హ్యామర్, యూ-టర్న్.

ఇన్సినరోర్. ఇంటిమిడేట్, సేఫ్టీ గాగుల్స్. ఫేక్ అవుట్, నాక్ ఆఫ్, ఫ్లేర్ బ్లిట్జ్, పార్టింగ్ షాట్. గాగుల్స్ ఎదుటి స్పోర్‌నూ, ఇసుక డ్యామేజ్‌నూ ఆపుతాయి.

అమూంగస్. రీజనరేటర్, రాకీ హెల్మెట్. స్పోర్, రేజ్ పౌడర్, పాలెన్ పఫ్, ప్రొటెక్ట్.

ఈ టీమ్‌లో ఒక రంధ్రం ఉంది. డ్రాగన్ దాడులను సగానికి తగ్గించేవాళ్లు ఆరుగురిలో ఎవరూ లేరు. ఆర్కలుడాన్‌లోని ఉక్కు, డ్రాగన్ రెండూ కలిసి లెక్క మామూలుకు వస్తుంది. ఆర్కలుడాన్‌కు టెరా ఫెయిరీ (ఆట మధ్యలో ఫెయిరీ టైప్‌గా మారే వీలు) పెట్టడం దీనికి మందు. డ్రాగన్ దాడులు అసలు తగలవు, పోరాట టైప్ సగమవుతుంది, నేల మామూలవుతుంది. బాస్క్యులీజియన్‌కు మాత్రం టెరా వాటర్. సొంత టైప్ మీదే టెరా చేస్తే ఆ టైప్ మూవ్‌ల పెంపు 1.5 నుంచి 2 రెట్లకు వెళ్తుంది.

## 7. ఎదుటివాళ్లకూ సెట్టర్ ఉంటే

ఇద్దరు సెట్టర్లు ఒకేసారి రంగంలోకి వస్తే వేగంగా ఉన్నవాడి ఎబిలిటీ ముందు పని చేస్తుంది, నెమ్మదిగా ఉన్నవాడిది తర్వాత. చివరగా వచ్చిందే నిలుస్తుంది. కాబట్టి వెదర్ పోరులో నెమ్మదిదే గెలుపు.

సెట్టర్ల బేస్ స్పీడ్‌లు ఇవి:

- టార్కోల్ 20
- హిపోడాన్ 47
- అబొమాస్నో 60
- టైరానిటార్ 61
- పెలిపర్ 65
- పొలిటోడ్ 70
- నైన్‌టేల్స్ 100
- అలోలా నైన్‌టేల్స్ 109

పెలిపర్ పైవాళ్లలో నలుగురికన్నా వేగం. పూర్తి స్పీడ్ ఈవీలతో 117 దగ్గరున్న పెలిపర్, ఈవీలు లేని 81 టైరానిటార్‌తో ఎదురెదురుగా లీడ్‌లో దిగితే మిగిలేది ఇసుకే. ఆ ఇసుక మొదటి టర్న్ చివరే మీ ఫోకస్ సాష్‌ను కూడా పాడు చేస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, పెలిపర్‌ను కావాలని నెమ్మదిగా చేయడం. స్పీడ్ ఐవీ 0, స్పీడ్ తగ్గించే నేచర్ పెడితే 63కి దిగుతుంది, మామూలు టైరానిటార్ మీద వాన నిలుస్తుంది. కానీ టెయిల్‌విండ్ చాలా ఆలస్యమవుతుంది, టార్కోల్‌ను ఎలాగూ ఓడించలేరు. రెండోది, పెలిపర్‌ను వెనక పెట్టుకోవడం. ఎదుటి సెట్టర్ ముందుకొచ్చాక, పార్టింగ్ షాట్‌తో దాన్ని దింపడం. మా సలహా రెండోదే. ఆరుగురిని చూపించే ఆటలో ఎదుటి సెట్టర్ ఎవరో ముందే కనిపిస్తుంది, దానికోసం ప్రతి ఆటలో పెలిపర్ స్పీడ్ వదులుకోనక్కర్లేదు.

ఇక ఎలెక్ట్రో షాట్ వలలో పడే తీరు ఒకసారి దగ్గర నుంచి చూడండి. వాన పడుతోంది, మీరు ఎలెక్ట్రో షాట్ నొక్కారు. అదే టర్న్‌లో ఎదుటివాళ్లు టైరానిటార్‌ను స్విచ్ చేశారు. స్విచ్‌లు ఎప్పుడూ దాడుల కన్నా ముందు జరుగుతాయి. మీ వంతు వచ్చేసరికి వాన లేదు, ఇసుక ఉంది. ఆర్కలుడాన్ ఛార్జింగ్‌లోకి వెళ్తుంది, స్పెషల్ అటాక్ ఒక మెట్టు పెరుగుతుంది గానీ ఆ టర్న్‌లో దెబ్బ పడదు. తర్వాతి టర్న్ అది కదల్లేదు, స్విచ్ కాలేదు, అదే మూవ్ వదలాలి.

ఎదుటివాళ్ల వెనక సెట్టర్ ఉండి, వాళ్లకు స్విచ్ చేయడానికి తీరిక ఉందనిపిస్తే ఆ టర్న్ ఫ్లాష్ కానన్ కొట్టండి. లేదా పెలిపర్‌ను బయట ఉంచి, వాళ్లు స్విచ్ చేసే టర్న్‌లోనే లోపలికి తెచ్చే ప్రయత్నం చేయొచ్చు. ఇద్దరూ ఒకే టర్న్‌లో స్విచ్ చేస్తే క్రమం బయటికి వెళ్లే పోకెమాన్‌ల స్పీడ్‌ను బట్టి ఉంటుంది. నెమ్మదైన ఇన్సినరోర్ స్థానంలో పెలిపర్ వస్తే చాలాసార్లు చివరగా వచ్చేది మనమే.

క్లౌడ్ నైన్, ఎయిర్ లాక్ ఎబిలిటీలు రంగంలో ఉన్నంతసేపు వెదర్ ప్రభావం పోతుంది, కానీ టర్న్‌ల లెక్క నడుస్తూనే ఉంటుంది. యుటిలిటీ అంబ్రెల్లా పట్టుకున్నవాళ్ల మీద వానా ఎండా పని చేయవు.

## 8. నలుగురిని ఎంచుకోవడం

మూడు ప్రణాళికలు ముందే రాసి పెట్టుకోండి. ఎంచుకునే సమయంలో కొత్తగా ఆలోచించడం మొదలుపెడితే గడియారం తినేస్తుంది.

ఎదుట సెట్టర్ లేకపోతే: పెలిపర్, ఆర్కలుడాన్ లీడ్. వెనక రిల్లబూమ్, బాస్క్యులీజియన్. మొదటి టర్న్ ఎలెక్ట్రో షాట్, పక్కన టెయిల్‌విండ్.

ఎదుట సెట్టర్ ఉంటే: ఇన్సినరోర్, ఆర్కలుడాన్ లీడ్. వెనక పెలిపర్, రిల్లబూమ్. మొదటి టర్న్ ఫేక్ అవుట్‌తో వాళ్ల ఉద్దేశం చూడండి. రెండో టర్న్ పార్టింగ్ షాట్.

వానే వద్దనుకుంటే: ఎదుట బలమైన నీటి టైప్‌లు ఉండి, మన వానను మనకన్నా బాగా వాడుకునేలా ఉంటే పెలిపర్‌ను అసలు తీసుకెళ్లొద్దు. రిల్లబూమ్, ఇన్సినరోర్, అమూంగస్, ఆర్కలుడాన్ నలుగురూ వాన లేకుండా ఆడగలరు. ఆర్కలుడాన్ అప్పుడు బాడీ ప్రెస్, ఫ్లాష్ కానన్‌తో ఆడుతుంది. వానలేని ఈ నలుగురితో మీకు ధైర్యంగా అనిపించకపోతే, చివరి మూడు స్థానాల ఎంపిక మళ్లీ చేయాలి.

## 9. సింగిల్స్‌లో ఏం మారుతుంది

ఆట పొడవు మారుతుంది, దానితో ఐటెమ్ మారుతుంది. ఆరుగురూ ఆడే సింగిల్స్‌లో సెట్టర్ మూడు, నాలుగుసార్లు రావాలి. ఇక్కడ వెదర్ రాయి దాదాపు తప్పనిసరి.

అసలు సమస్య స్టెల్త్ రాక్, అంటే లోపలికి వచ్చేవాళ్లను గాయపరిచే రాళ్లు పరిచే మూవ్. పెలిపర్, టార్కోల్, అలోలా నైన్‌టేల్స్ ముగ్గురికీ లోపలికి వచ్చిన ప్రతిసారీ 25 శాతం హెచ్‌పీ పోతుంది. టైరానిటార్‌కు 12.5 శాతం, హిపోడాన్‌కు 6.25 శాతమే. ఆ రాళ్ల నుంచి కాపాడే హెవీ డ్యూటీ బూట్స్ ఇస్తే డ్యాంప్ రాక్‌కు చోటు లేదు. అందుకే వాన, ఎండ టీమ్‌లలో ఒక స్థానం రాళ్లు తొలగించేవాళ్లకు కేటాయించాలి. రాపిడ్ స్పిన్ ఉన్న గ్రేట్ టస్క్, డిఫాగ్ ఉన్న కార్వినైట్ లాంటివాళ్లు. పెలిపర్‌కు రూస్ట్, యూ-టర్న్ రెండూ ఉండాలి.

ఐటెమ్‌ను ఊడగొట్టే నాక్ ఆఫ్ నుంచి సెట్టర్‌ను కాపాడండి. రాయి ఊడితే 8 టర్న్‌లు 5 అవుతాయి, ఆట చివరిదాకా ఆ లోటు ఉంటుంది.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

అందరూ ఒకే దెబ్బకు పడిపోవడం. ఇసుక టీమ్‌లో ఇది ఎక్కువ. టైరానిటార్, ఎక్స్‌కడ్రిల్ ఇద్దరికీ పోరాటం, నేల, నీరు మూడూ బలహీనతలే. టైరానిటార్‌కైతే పోరాటం నాలుగు రెట్లు. మూడో స్థానం ఎగిరేవాళ్లకు, నాలుగోది గడ్డికి ఇచ్చి తర్వాతే మిగతావి చూడండి.

సొంత వెదర్‌తో సొంత మూవ్‌లను చంపుకోవడం. ఎండ టీమ్‌లో థండర్, హరికేన్ గురి 50 శాతానికి పడిపోతుంది. వాన టీమ్‌లో సోలార్ బీమ్ బలం సగం. సింథసిస్, మూన్‌లైట్ ఎండలో మూడింట రెండు వంతుల హెచ్‌పీ ఇస్తాయి, వేరే వెదర్‌లలో పావు వంతే.

ఇసుక టీమ్‌లో సాష్‌లు. మీ ఇసుక మీ సాష్‌లను కూడా తింటుంది. నేల, రాయి, ఉక్కు టైప్‌లకు మాత్రమే సాష్ ఇవ్వండి.

టెరాతో పెంపు పోగొట్టుకోవడం. ఇసుకలో టైరానిటార్ వేరే టైప్‌కు టెరా అయితే 1.5 రెట్ల స్పెషల్ డిఫెన్స్ పోతుంది. మంచులో మంచు టైప్‌లకూ అంతే. కాలిక్యులేటర్‌లో టెరా తర్వాతి లెక్క కూడా చూడండి.

సెట్టర్‌ను మొదటి మూడు టర్న్‌లలో బలి ఇవ్వడం. పెలిపర్ ఇంకో దెబ్బ కొట్టగలదని రంగంలో ఉంచడం వల్ల జరుగుతుంది. వాన మొదలై, టెయిల్‌విండ్ పడ్డాక పెలిపర్ పని అయింది. వెనక్కి తీసుకోండి.

## 11. ఆడి చూసి సరిచేయడం

మొదటి విడతలో టీమ్ మార్చకుండా వరుసగా పదిహేను, ఇరవై ఆటలు ఆడండి. ఓడిన ప్రతి ఆటకూ మూడే విషయాలు రాసుకోండి:

- ఓటమి ఖాయమైన టర్న్‌లో వాన ఉందా?
- పెలిపర్ ఎన్నిసార్లు లోపలికి వచ్చింది?
- మనల్ని ఎక్కువగా కొట్టిన పోకెమాన్ ఏది?

వాన ఉన్నా ఓడిపోతుంటే తప్పు బాస్క్యులీజియన్, ఆర్కలుడాన్ ఈవీల్లోనో, మూవ్‌లలోనో ఉంది. కాలిక్యులేటర్ తెరిచి ఎక్కడ కొద్దిలో తప్పిపోతోందో చూడండి. వాన లేక ఓడిపోతుంటే, పెలిపర్ ఒక్కసారే వస్తోందా చూడండి. అలాగైతే పార్టింగ్ షాట్‌ను ముందుగా వాడాలి. రెండుసార్లు వచ్చినా టర్న్‌లు చాలకపోతే సాష్ తీసి డ్యాంప్ రాక్ పెట్టండి. ఒకే పోకెమాన్ పేరు పదే పదే వస్తుంటే మార్చాల్సింది చివరి మూడు స్థానాల్లో ఒకటి, ముందుగా అమూంగస్ స్థానం.

ఒక విడతలో ఒకే మార్పు చేయండి. ఐటెమ్, నేచర్, మూవ్ మూడూ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తేలదు. మార్చిన ప్రతిసారీ స్పీడ్ కాగితం మళ్లీ రాయండి. ఫార్మాట్‌లోకి కొత్త పోకెమాన్ వస్తే ఆ 68 ఈవీల లెక్క కూడా మారుతుంది.